డెనాన్ డీఎల్-103కి ఎంత గెయిన్ ఉన్న ఫోనో ప్రీయాంప్ కావాలి? ఎంఎం ఇన్‌పుట్‌లో సౌండ్ మరీ తక్కువ

తార్నాక_ఎల్పీ

అందరికీ నమస్తే, ఇక్కడ నాకిదే మొదటి పోస్ట్, కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నా రికార్డ్ ప్లేయర్ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే7. ఇన్నాళ్ళూ దాని మీద ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (నీడిల్ ఉండే ముక్క) వాడుతున్నా, ఏ ఇబ్బందీ లేదు. యాంప్ పాత ఇంటిగ్రేటెడ్, వెనకాల ఫోనో ఇన్‌పుట్ ఉంది కానీ ఎంఎం (మూవింగ్ మాగ్నెట్, వీఎం95ఈ లాంటి ఎక్కువ వోల్టేజ్ ఇచ్చే రకం) ఒక్కటే, ఎంసీకి (మూవింగ్ కాయిల్, మామూలుగా చాలా తక్కువ వోల్టేజ్ ఇచ్చే రకం) స్విచ్ లేదు. ఈమధ్య మా బావ జపాన్ నుంచి వస్తుంటే అడిగి డెనాన్ డీఎల్-103 అనే ఎంసీ కార్ట్రిడ్జ్ తెప్పించుకున్నా. మా ఇంట్లో ఉన్నవన్నీ నాన్నగారు కొన్న పాత రికార్డులే, కర్ణాటక కచేరీల ఎల్పీలు, తెలుగు సినిమా ఈపీలు, సగానికి పైగా మోనో. అలాంటి వాటికి దీని గుండ్రటి నీడిల్ బాగా నప్పుతుందని చాలా చోట్ల చదివా.

హెడ్‌షెల్‌కి (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ పట్టుకునే ముక్క) బిగించి నీడిల్ రికార్డు మీద ఆనే బరువు 2.5 గ్రాములు పెట్టి ఒక వీణ ఎల్పీ వేశా. పాట వస్తోంది, రెండు చానెల్సూ వస్తున్నాయి, గరగర ఏమీ లేదు, ఆ తీగ మీద వేలు జారే చప్పుడు కూడా తెలుస్తోంది, అంటే కార్ట్రిడ్జ్ పనిచేస్తోందనే అనుకుంటున్నా. కానీ సౌండ్ మరీ చిన్నగా ఉంది. వీఎం95ఈకి వాల్యూమ్ నాబ్ గడియారం ముల్లులా 9 గంటల దగ్గర పెడితే హాలంతా నిండేది, దీనికి 2 గంటలు దాటించినా పక్క గదిలోకి వినపడట్లేదు, పైగా అంత తిప్పేసరికి వెనకాల సుయ్యిమని హిస్ ఒకటి, దాని కింద సన్నగా హమ్. రాగం మధ్యలో వాళ్ళు ఆగిన చోటల్లా అదే వినపడుతోంది.

యాంప్ మాన్యువల్ తీసి చూశా, గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) ఎంత అని ఎక్కడా లేదు. ఇన్‌పుట్ సెన్సిటివిటీ అని ఇలా ఉంది: ఫోనో 2.5 మిల్లీవోల్ట్, 47 కిలో ఓమ్స్. లైన్ 200 మిల్లీవోల్ట్. డెనాన్ కాగితంలో అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్ట్, ఇంపెడెన్స్ 40 ఓమ్స్ అని ఉంది.

ఎంసీకి వేరే ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ని యాంప్‌కి ముందే పెంచే డబ్బా) కావాలని అర్థమైంది. కానీ ఒక్కోదానికి ఒక్కో నంబర్, 48, 60, 64, 72 డీబీ (డెసిబెల్) అని. ఒక షాపులో అడిగితే ఎంత ఎక్కువ గెయిన్ ఉంటే అంత మంచిది, పెద్దది తీసుకోండి అన్నారు. నిజంగా అంతేనా? ఎక్కువైతే నష్టం ఏమైనా ఉందా? బడ్జెట్ 20 వేలు, ఇంకో ఐదు అటూ ఇటూ. పెద్దలు ఎవరైనా లెక్క ఎలా వేయాలో చెప్తే, కొనేది ఏదైనా తెలిసి కొంటా.

—

అమీర్‌పేట_33

కార్ట్రిడ్జ్‌కి ఏం కాలేదు బ్రో, కంగారు పడకు. ఎంసీని ఎంఎం ఇన్‌పుట్‌లో పెడితే ఎవరికైనా ఇలాగే ఉంటుంది, పాడవ్వడం మాత్రం ఉండదు. ప్రీయాంప్ వచ్చేదాకా వీఎం95ఈ మళ్ళీ పెట్టుకో. ఎంకే7కి హెడ్‌షెల్ ఊడుతుంది కాబట్టి ఇంకో హెడ్‌షెల్ కొని రెండూ బిగించి ఉంచుకుంటే మారుస్తున్నప్పుడల్లా వైర్లు పీకే పని ఉండదు, ఆ సన్న వైర్ల క్లిప్పులు రెండు మూడుసార్లు లాగితే వదులైపోతాయి. మార్చినప్పుడల్లా బరువు, ఆర్మ్ హైట్ మళ్ళీ చూసుకోవాలి అంతే.

—

సైనిక్‌పురి_ఫోనో

తార్నాక గారూ, అడగాల్సిన నంబర్లన్నీ మీరే పెట్టేశారు, చాలామంది ఇవి లేకుండా సౌండ్ రావట్లేదు అని ఊరుకుంటారు. అందుకని కొంచెం వివరంగానే రాస్తా.

డీబీ అనగానే భయపడక్కర్లేదు. 20 డీబీ అంటే 10 రెట్లు, 40 అంటే 100 రెట్లు, 60 అంటే 1000 రెట్లు. మధ్యలో ప్రతి 6 డీబీకి రెట్టింపు అనుకోండి చాలు. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీ మాన్యువల్. గెయిన్ ఎంతో రాయలేదన్నారు కదా, రాయకపోయినా మీరిచ్చిన రెండు అంకెల్లోనే ఉంది. ఫోనోలోకి 2.5 వస్తే యాంప్ ఫుల్ పవర్ ఇస్తుంది, లైన్‌లోకి (సీడీ, ఆక్స్ లాంటి ఇన్‌పుట్‌లోకి) 200 వస్తే ఫుల్ పవర్ ఇస్తుంది. అంటే లోపలున్న ఫోనో సెక్షన్ 2.5ని 200 చేస్తోంది, 80 రెట్లు, డీబీలో 38. మామూలు ఎంఎం స్టేజీలన్నీ 40కి అటూ ఇటూనే ఉంటాయి, మీది కూడా అంతే.

వీఎం95ఈ ఇచ్చేది 4 మిల్లీవోల్ట్. 80తో గుణిస్తే 320. మీ యాంప్‌కి కావాల్సింది 200, కాబట్టి నాబ్ 9 దగ్గరే హాలు నిండింది. డీఎల్-103 ఇచ్చేది 0.3. 80తో గుణిస్తే 24. 200 కావాల్సిన చోట 24 వస్తోంది. నాబ్ చివరిదాకా తిప్పినా, ఆ లెవెల్ దగ్గర వంద వాట్ల యాంప్ నుంచి కూడా ఒకటిన్నర వాట్ వస్తే గొప్ప. మీరు విన్నది సరిగ్గా ఇదే.

హిస్ సంగతి. ఫోనో స్టేజీకి దానిదంటూ కొంత నాయిస్ ఎప్పుడూ ఉంటుంది, కార్ట్రిడ్జ్ మారినంత మాత్రాన అది పోదు. 4 మిల్లీవోల్ట్ సిగ్నల్ పక్కన అది ఎక్కడో అడుగున ఉంటుంది, సిగ్నల్ 0.3కి పడిపోయిందంటే దానికీ నాయిస్‌కీ మధ్య దూరం 22 డీబీ దాకా తగ్గిపోయినట్టే. నాబ్ తిప్పితే రెండూ కలిసి పెరుగుతాయి. ఇది ముఖ్యం, ఎందుకంటే ఇక్కడే షాపువాళ్ళ మాట తప్పు. గెయిన్ నంబర్ పెద్దదైనంత మాత్రాన నాయిస్ తగ్గదు. ఎంసీ ప్రీయాంప్‌లో మనం డబ్బు పెట్టేది ఆ మొదటి స్టేజీలో నాయిస్ ఎంత తక్కువ ఉందో దానికి, గెయిన్ అనేది ఎవరైనా ఇస్తారు. స్పెక్‌లో సిగ్నల్ టు నాయిస్ చూసేటప్పుడు అది ఎంసీకి చెప్పిందా ఎంఎంకి చెప్పిందా, ఎంత మిల్లీవోల్ట్ ఇన్‌పుట్‌కి చెప్పిందో కూడా చూడండి, కొందరు ఎంఎం నంబర్ ఒక్కటే పెద్దగా వేసి ఎంసీది ఎక్కడో కింద వేస్తారు.

ఇక ఎంత గెయిన్ అన్నది. మీ లైన్‌కి కనీసం 200 కావాలి, కొంచెం వెసులుబాటు ఉండాలి, 300 నుంచి 500 మధ్య వస్తే హాయిగా ఉంటుంది. 60 డీబీ పెడితే 0.3 వెయ్యి రెట్లయి 300 అవుతుంది. 64 డీబీ అయితే సుమారు 475. 66 అయితే 600. కాబట్టి మీకు 60 నుంచి 66 మధ్య ఏదైనా సరిపోతుంది, 60తోనే పని నడుస్తుంది.

72 డీబీ అంటే 4000 రెట్లు, 0.3 కాస్తా 1.2 వోల్ట్ అవుతుంది. చూడటానికి బానే ఉంది, సీడీ ప్లేయర్ 2 వోల్ట్ ఇస్తుంది కదా అనిపిస్తుంది. కానీ ఈ 0.3 అనేది ఒక టెస్ట్ టోన్ లెక్క, గ్రూవ్‌లో నీడిల్ సెకనుకి 5 సెంటీమీటర్ల వేగంతో కదిలినప్పటిది. రికార్డులో మృదంగం గట్టిగా పడ్డప్పుడు, గాయని పై షడ్జం అందుకున్నప్పుడు దానికి నాలుగైదు రెట్లు పోతుంది. గీతల మీద టప్పుమనే చప్పుడు ఇంకా పైకి పోతుంది. 1.2 నాలుగైదు రెట్లయితే 5, 6 వోల్ట్‌లు, చిన్న అడాప్టర్ మీద నడిచే డబ్బాలు చాలావాటికి అక్కడికి చేరేసరికే ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు ఆ టప్పు కాస్తా ఠప్ మని పగిలినట్టు వినపడుతుంది, పాత రికార్డులు వినేవాళ్ళకి అదే అన్నిటికన్నా చెడ్డది. పైగా మీ నాబ్ 8 గంటల దగ్గరే ఆడాల్సొస్తుంది, పాత యాంపుల్లో ఆ మొదట్లో ఎడమ కుడి చానెల్స్ సరిసమానంగా కూడా ఉండవు. 72 డీబీ పెట్టింది 0.1, 0.15 ఇచ్చే మరీ చిన్న కార్ట్రిడ్జ్‌ల కోసం.

మీ బడ్జెట్‌లో చూడాల్సినవి రెండు. షీట్ మానీ 2కి గెయిన్ 33, 42, 48, 60 అని మార్చుకోవచ్చు. ఐఫై జెన్ ఫోనోకి 36, 48, 60, 72. రెండిట్లోనూ 60 ఉంది, రెండూ మీ వీఎం95ఈకి కూడా పనికొస్తాయి. మీరు కొనబోయే రోజు ఏది దొరికితే అది తీసుకోండి, ఇందులో నాకు పక్షపాతం లేదు. ప్రీయాంప్ వైరు మాత్రం యాంప్‌లో లైన్ ఇన్‌పుట్‌కి పెట్టాలి, సీడీ అనో ఆక్స్ అనో ఉన్నదానికి. మళ్ళీ ఫోనోలో పెడితే ఆర్‌ఐఏఏ (రికార్డులో తగ్గించి చెక్కిన బేస్‌ని తిరిగి ఎత్తే సర్దుబాటు) రెండుసార్లు పడి బేస్ ఉబ్బిపోయి వికారంగా ఉంటుంది.

—

పాతబస్తీ_ట్రాన్స్‌ఫార్మర్

సైనిక్‌పురి అన్న లెక్క కరెక్టే చెప్పిండు, దాంట్ల ఏం పేచీ లేదు. కానీ డీఎల్-103కి ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పలే అని రాస్తున్న. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్. ఈ కార్ట్రిడ్జ్ 1960లల్ల జపాన్ రేడియో స్టేషన్ల కోసం అక్కడి పబ్లిక్ బ్రాడ్‌కాస్టర్ ఎన్‌హెచ్‌కేతోని కలిసి చేసింది, గప్పటి నుంచి జనం దీన్ని ట్రాన్స్‌ఫార్మర్ మీదనే ఎక్కువ విన్నరు. కరెంట్ అక్కర్లే, బ్యాటరీ అక్కర్లే, రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఒక డబ్బాల, అంతే. ప్లేయర్ వైరు దాంట్లకి, దాంట్లకెళ్ళి నీ యాంప్ ఎంఎం ఫోనోలకి. ఉన్న ఫోనో స్టేజీ వేస్ట్ గాదు.

1:10 అనేది తీసుకుంటే 0.3 కాస్త 3 మిల్లీవోల్ట్ అయితది, అంటే 20 డీబీ. దాని మీద నీ యాంప్ 38 డీబీ, మొత్తం 58. లైన్‌ల సుమారు 240, కావాల్సింది 200, పని అయిపోయింది. ఎంఎం కార్ట్రిడ్జ్ పెట్టినట్టే ఉంటది నాబ్.

సౌండ్ గురించి మాటల్ల చెప్తే నమ్మరు, కానీ వీణ, వయొలిన్ వేసి చూడు, తీగ నిండుగ ఉంటది. నాకైతే చిన్న ప్రీయాంప్ డబ్బాల కన్న ఇదే నచ్చింది, ఇప్పటికీ ఇదే వాడుతున్న.

—

తార్నాక_ఎల్పీ

సైనిక్‌పురి గారూ, చాలా చాలా థాంక్స్, 2.5ని 200 చేస్తోంది అన్న దగ్గర లైట్ వెలిగింది, ఆ నంబర్లు ఎందుకు ఇస్తారో ఇన్నాళ్ళూ తెలియలేదు.

పాతబస్తీ అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ ఆలోచన బాగుంది. నాకు 1:20ది ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కనపడుతోంది, 1:10ది కొత్తది ఖరీదు ఎక్కువ. 1:20 అంటే 6 మిల్లీవోల్ట్ వస్తుంది కదా, ఇంకా మంచిదే కదా?

—

సైనిక్‌పురి_ఫోనో

అక్కడే ఆగండి, 6 రాదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ని పెంచినట్టే అవతలివైపు లోడ్‌ని (కార్ట్రిడ్జ్‌కి ఎదురుగా కనిపించే ఓమ్స్) కూడా మారుస్తుంది, అదీ రెట్లకి వర్గం లెక్కన. మీ ఫోనో ఇన్‌పుట్ 47 వేల ఓమ్స్. 1:10 అయితే 47 వేలని 100తో భాగించాలి, కార్ట్రిడ్జ్‌కి 470 ఓమ్స్ కనిపిస్తుంది. 1:20 అయితే 400తో భాగించాలి, 117 ఓమ్స్ కనిపిస్తుంది. కార్ట్రిడ్జ్ లోపల 40 ఓమ్స్ ఉంది కదా, లోడ్ అంత దగ్గరికి వచ్చేసరికి వోల్టేజ్‌లో కొంత లోపలే ఖర్చయిపోతుంది. 117 దగ్గర నాలుగో వంతు పోతుంది, 6 అనుకున్నది 4.5 అవుతుంది. 470 దగ్గర పోయేది 8 శాతమే, 3 కాస్త 2.76 అవుతుంది.

4.5 కూడా మీ యాంప్‌కి ఎక్కువేం కాదు, నడుస్తుంది. 117 ఓమ్స్ తప్పని కూడా అనను, డెనాన్ వాళ్ళు 100 ఓమ్స్ ఆపైన అంటారు. కాకపోతే 470 దగ్గర ఈ కార్ట్రిడ్జ్ కొంచెం తెరుచుకుని వినపడుతుంది, 100 దగ్గర కొంచెం ముడుచుకుని మెత్తగా. అది మీ చెవి, మీ స్పీకర్లు చెప్పాలి.

గెయిన్ ఒకటి, లోడ్ ఒకటి అని విడివిడిగా పెట్టుకోండి మనసులో. గెయిన్ తప్పితే సౌండ్ తక్కువో, హిస్సో, పగలడమో వస్తుంది. లోడ్ తప్పితే సౌండ్ తీరు మారుతుంది, కొంప మునిగేదేం లేదు. ప్రీయాంప్ కొనేటప్పుడు ముందు గెయిన్ సరిచూసుకుని తర్వాతే లోడ్ గురించి తల బద్దలుకొట్టుకోవాలి. ఇంకోటి, కెపాసిటెన్స్ అని పికోఫారడ్‌లలో చెప్పేది ఎంఎంకి చాలా ముఖ్యం, వీఎం95ఈకి 100 నుంచి 200 అంటారు, కానీ డీఎల్-103 లాంటి చిన్న ఎంసీకి దాంతో పెద్దగా పని లేదు.

—

కూకట్‌పల్లి_కేబుల్

అందరూ గెయిన్ గురించే రాశారు, హమ్ గురించి నేను రాస్తా, ఎందుకంటే 60 డీబీ పెట్టిన రోజు నుంచి హైదరాబాద్ ఇళ్ళల్లో అసలు గొడవ అదే.

ఫోనో స్టేజీకి 60 డీబీ అని రాసేది 1000 హెర్ట్జ్ దగ్గర. ఆర్‌ఐఏఏ కర్వ్ వల్ల బేస్ వైపు ఇంకా ఎత్తుతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 17 డీబీ ఎక్కువ, అంటే ఇంకో ఏడు రెట్లు. వెయ్యి రెట్లు కాస్తా ఏడు వేల రెట్లు. ఎక్కడో వైరులో ఒక్క మైక్రోవోల్ట్ హమ్ దూరిందంటే అవతల 7 మిల్లీవోల్ట్‌గా తేలుతుంది. ఎంఎం మీద ఎప్పుడూ వినపడని హమ్ ఎంసీ పెట్టగానే బయటపడేది అందుకే, కొత్త ప్రీయాంప్ పాడని వాపస్ పంపేస్తారు పాపం.

కాబట్టి ముందు ప్లేయర్ గ్రౌండ్ వైరు ప్రీయాంప్ గ్రౌండ్ స్క్రూకే బిగించండి, యాంప్‌కి కాదు. ప్రీయాంప్‌ని యాంప్ మీద పెట్టొద్దు, దాని లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఒక జానెడు పక్కకి జరిపినా తేడా తెలుస్తుంది. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఇంకా జాగ్రత్త, అది కూడా ట్రాన్స్‌ఫార్మరే కాబట్టి గాలిలో ఉన్న హమ్‌ని ఇట్టే పట్టేస్తుంది, డబ్బాని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి ఎక్కడ తగ్గితే అక్కడ పెట్టాలి. వైఫై రౌటర్, ఫోన్ చార్జర్ ఆ స్టాండ్ మీద ఉండకూడదు.

అన్నిటికన్నా ముందు ఫ్యాన్ రెగ్యులేటర్ చూడండి. గుండ్రంగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో కొన్ని సగం స్పీడ్‌లో పెట్టినప్పుడు లైన్లోకి బుర్రుమని చెత్త వదులుతాయి. ఫ్యాన్ ఫుల్‌లో పెడితే పోయి, మూడు మీద పెడితే వస్తే దొంగ అదే, టిక్ టిక్ మని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం పెట్టించుకోండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్ళినప్పుడు మాత్రమే బుర్రుమంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని, దానికి ప్రీయాంప్ ఏం చేయలేదు. పాత అపార్ట్‌మెంట్లలో మూడో పిన్‌కి ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, సాకెట్‌కి మూడు బెజ్జాలున్నా వెనకాల రెండు వైర్లే ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఆర్‌సీఏ వైర్లు కొత్తవి కావాలంటే కోఠి గుజరాతీ గల్లీలో మీటర్ లెక్కన షీల్డెడ్ వైరు, పిన్నులు దొరుకుతాయి, అల్లిన రాగి షీల్డ్ ఉన్నది చూసి తీసుకోండి, పైన వెండి కాగితం చుట్టినది వద్దు. పొడుగు ఎంత తక్కువైతే అంత మంచిది.

—

దిల్‌సుఖ్‌నగర్_ఈపీ

నాదీ ఇంచుమించు ఇదే కేసు, కాకపోతే కార్ట్రిడ్జ్ ఇంకా కొనలేదు. ప్రీయాంప్‌కి వేరే డబ్బు పెట్టే ఓపిక లేదు, ఉన్న ఎంఎం ఫోనోలోనే ఎంసీ వినే దారి ఏదైనా ఉందా? ఇంకోటి, నేను వినడంతో పాటు రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నా, దానికి గెయిన్ లెక్క వేరేనా?

—

సైనిక్‌పురి_ఫోనో

దిల్‌సుఖ్‌నగర్ గారూ, హై అవుట్‌పుట్ ఎంసీ అని ఉంటాయి, వాటిలో తీగ చుట్లు ఎక్కువ కాబట్టి వోల్టేజ్ ఎక్కువ. డెనాన్‌లోనే డీఎల్-110 ఉంది, 1.6 మిల్లీవోల్ట్. తార్నాక గారి లాంటి 80 రెట్ల ఫోనోలో పెడితే 128 వస్తుంది, 200కి 4 డీబీ తక్కువ, నాబ్ కొంచెం ఎక్కువ తిప్పుకుంటే చాలు. హానా ఎస్‌హెచ్ అయితే 2 మిల్లీవోల్ట్, ఇంకా సులువు. రెండూ 47 కిలో ఓమ్స్ మీదే నడుస్తాయి. డీఎల్-103 తీరు వేరు, డీఎల్-110 తీరు వేరు, కానీ మీ పరిస్థితికి అదే తెలివైన దారి.

ఇంకో మాట, స్పెక్‌లు పోల్చేటప్పుడు కొందరు 5 సెంటీమీటర్ల దగ్గర చెప్తారు, కొందరు 3.54 దగ్గర చెప్తారు. 3.54 దగ్గర చెప్పినదాన్ని 1.4తో గుణిస్తేనే పక్కదానితో పోల్చగలరు. చిన్న తేడానే, 3 డీబీ, కానీ అంచున ఉన్న సెటప్‌లో అదే తేల్చేస్తుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి లెక్క అదే, భయం మాత్రం వేరు. యాంప్‌కైతే నాబ్ ఉంది, ఆడియో ఇంటర్‌ఫేస్‌లో లెవెల్ దాటితే అక్కడికక్కడ నరికేస్తుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా తిరిగి రాదు. కాబట్టి ఎక్కించేటప్పుడు గెయిన్ ఒక మెట్టు తక్కువే నయం. రికార్డులో అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోటు ముందు వేసి, మీటర్ మైనస్ 6 దగ్గర ఆడేలా పెట్టుకుని, 24 బిట్‌లో తీసుకోండి. తక్కువగా తీసుకున్నది తర్వాత పెంచుకోవచ్చు. గీతలున్న రికార్డులకైతే ఇంకా కిందే ఉంచండి.

—

తార్నాక_ఎల్పీ

అప్‌డేట్ ఇస్తున్నా. ట్రాన్స్‌ఫార్మర్ మీద చాలా మనసుపడ్డా కానీ వీఎం95ఈ కూడా వాడుకోవాలి, ప్రతిసారీ వైర్లు మార్చడం నా వల్ల కాదని 60 డీబీ స్విచ్ ఉన్న ప్రీయాంప్ తీసుకున్నా. పాతబస్తీ అన్నా, మీ ఇంట్లో ఒకసారి వినిపిస్తానంటే మాత్రం తప్పకుండా వస్తా.

సైనిక్‌పురి గారు చెప్పినట్టే అయింది. 60లో పెడితే నాబ్ 9 దాటి కొంచెం, వీఎం95ఈ ఉన్న చోటికి దాదాపు దగ్గర. హిస్ ఇప్పుడు స్పీకర్‌కి చెవి ఆనిస్తే తప్ప లేదు. ఆ వీణ ఎల్పీయే మళ్ళీ వేశా, ఆలాపనలో ఆగిన చోట రికార్డు తాలూకు చిటపట మాత్రమే ఉంది, దాని వెనకాల ఏమీ లేదు. మీటు వేశాక ఆ నాదం ఎంతసేపు నిలబడి తగ్గుతుందో చివరిదాకా వినపడుతోంది, ఇదివరకు సగంలోనే హిస్‌లో కలిసిపోయేది. నాన్నగారు వచ్చి పక్కన కూర్చుని ఆ వైపు పూర్తయ్యేదాకా లేవలేదు.

కూకట్‌పల్లి గారూ, మీరు చెప్పిన ఫ్యాన్ రెగ్యులేటర్ మా హాల్లోనూ ఉంది, మూడు మీద పెడితే బుర్రు, ఐదు మీద పెడితే లేదు. ఎలక్ట్రీషియన్‌కి చెప్పా, మార్చేస్తున్నాడు. గ్రౌండ్ వైరు ప్రీయాంప్‌కి మార్చగానే మిగతా హమ్ పోయింది.

ఇంకో రెండు సందేహాలు. ఒకటి, డీఎల్-103కి బరువైన ఆర్మ్ కావాలంటారు, ఎంకే7 ఆర్మ్ చాలదా? రెండు, మోనో రికార్డుల్లో చిటపట ఇంకా తగ్గించొచ్చా? నాన్నగారి దగ్గర 78లు కూడా కొన్ని ఉన్నాయి, ప్లేయర్‌లో 78 స్పీడ్ ఉంది కదా, ఇదే నీడిల్‌తో వేయొచ్చా?

—

పాతబస్తీ_ట్రాన్స్‌ఫార్మర్

తప్పకుండా రా తమ్మీ, ఆదివారం పొద్దుగాల రా, నీ వీణ రికార్డు పట్కరా. రెండూ పక్కపక్కన పెట్టి విందాం.

78లు మాత్రం దీంతోని అస్సలు వేయకు. ఆ గ్రూవ్ వెడల్పు, ఈ నీడిల్ సన్నం, అడుగుకి పోయి దొర్లుతది, సౌండ్ రాదు, నీడిల్ అరిగిపోతది. ఇది ఎంసీ, నీడిల్ ఒక్కటే పీకి మార్చుడు ఉండదు, మొత్తం కార్ట్రిడ్జ్ పోయినట్టే. 78లకి 3 మిల్స్ (మిల్ అంటే అంగుళంల వెయ్యో వంతు) నీడిల్ ఉన్న ఎంఎం వేరే తీసుకో, నీ వీఎం95 బాడీకే ఆడియో టెక్నికావాళ్ళు 78 నీడిల్ అమ్ముతరు, అది పెట్టుకుంటే సాలు.

—

సైనిక్‌పురి_ఫోనో

సంతోషం తార్నాక గారూ.

ఆర్మ్ లెక్క అంటే ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి ఎన్ని హెర్ట్జ్ దగ్గర తమంతట తాము ఊగుతాయో (రెజొనెన్స్) చూడటం. ఎంకే7 ఆర్మ్ హెడ్‌షెల్‌తో కలిపి 12 గ్రాముల ఎఫెక్టివ్ మాస్ (కదిలేటప్పుడు నీడిల్‌కి తెలిసే బరువు), కార్ట్రిడ్జ్ 8.5, బోల్టులు ఒక గ్రాము, మొత్తం 21.5. డెనాన్ కంప్లయన్స్ (నీడిల్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే అంకె) 5 అని ఇచ్చింది 100 హెర్ట్జ్ దగ్గర, మన లెక్కకి 10 హెర్ట్జ్ దగ్గరిది కావాలి, అది 9 అనుకుందాం. 21.5ని 9తో గుణించి వర్గమూలం తీసి 159ని దాంతో భాగిస్తే 11 చిల్లర హెర్ట్జ్ వస్తుంది. 8 నుంచి 12 మధ్య ఉండాలంటారు, లోపలే ఉంది. ఇంకో మూడు నాలుగు గ్రాములు బరువైన హెడ్‌షెల్ దొరికితే 10 దగ్గరికి వస్తుంది, బేస్ కొంచెం గట్టిపడుతుంది, కానీ తప్పనిసరి కాదు. హెడ్‌షెల్ బరువు పెరిగితే వెనకాల కౌంటర్‌వెయిట్ సరిపోకపోవచ్చు, టెక్నిక్స్ ప్లేయర్‌తో ఇచ్చిన అదనపు బరువు అందుకే, దాన్ని పారేయకండి.

మోనోకి మీ యాంప్ మీద మోనో బటన్ ఉంటే నొక్కేయండి. మోనో గ్రూవ్‌లో పాట అంతా అడ్డంగానే ఉంటుంది, నీడిల్ పైకీ కిందకీ కదిలితే వచ్చేదంతా దుమ్ము, గీతలు, అరుగుదల. రెండు చానెల్స్ కలపగానే ఆ పైకీ కిందకీ కదలిక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, పాట అలాగే ఉంటుంది. బటన్ లేకపోతే ప్రీయాంప్‌కీ యాంప్‌కీ మధ్య చిన్న స్విచ్ బాక్స్ చేయించుకోవచ్చు, రెండు చానెల్స్‌నీ నేరుగా అతికించకుండా ఒక్కోదానికి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టించండి, లేకపోతే ప్రీయాంప్ రెండు అవుట్‌పుట్‌లూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి.